పగలు ఎక్కడ, రాత్రి ఎక్కడ

ప్రియమైన పాఠకులకు,

ఎండాకాలం దగ్గరపడిందంటే మీ ఉత్తరాల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, నయాగరా చూపించడం అయిపోయింది, సీఎన్ టవర్ ఎక్కించడం అయిపోయింది, ఈసారి రైల్లో ఎక్కడికైనా తీసుకెళ్దామనుకుంటున్నాం, ఏ రైలు బాగుంటుంది, ఎన్ని రోజులు పెట్టుకోవాలి, పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా అని. ఇన్నాళ్లూ ఎవరికి వారికి నాలుగు ముక్కలు రాసి పంపుతూ వచ్చాను. ఈసారి అందరికీ కలిపి తీరిగ్గా రాస్తున్నాను.

టొరంటో నుంచి వాంకూవర్‌కు విమానంలో ఐదు గంటలు. రైల్లో నాలుగు రాత్రులు. త్వరగా చేరాలనుకునేవాళ్లకు విమానమే సరి. ఈ దేశంలో దూరపు రైలెక్కేవాళ్లు దారి చూడ్డానికి ఎక్కుతారు. అందుకే టికెట్ ధర కంటే ముందు ఆరా తీయాల్సింది ఇంకొకటి ఉంది: మనం చూడాలనుకున్న కొండలూ లోయలూ పగటిపూట వస్తాయా, మనం నిద్రలో ఉండగా దాటిపోతాయా? ఏ బండి, ఏ వైపు నుంచి, ఏ నెలలో అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతాయి.

అందరి నోటా ముందు వచ్చేది ‘కెనడియన్’ పేరే. వయా రైల్ నడిపే ఈ బండి టొరంటో, వాంకూవర్‌ల మధ్య 4,466 కిలోమీటర్లు నడుస్తుంది. టొరంటోలో ఆదివారం పొద్దున పదింటి ముందు బయల్దేరితే టైంటేబుల్ ప్రకారం గురువారం పొద్దున ఎనిమిదింటికి వాంకూవర్. మధ్యలో మూడుసార్లు గడియారం వెనక్కి తిప్పుకునే ఆ మూడు గంటలూ కలుపుకుంటే దాదాపు 97 గంటల ప్రయాణం. మన దిబ్రూగఢ్–కన్యాకుమారి వివేక్ ఎక్స్‌ప్రెస్‌తో పోల్చి చూడండి. విశాఖ, విజయవాడల మీదుగా పోయే ఆ బండి దాదాపు 4,200 కిలోమీటర్లను 75 గంటల్లో ముగిస్తుంది. దూరంలో రెండూ అన్నదమ్ములే. వేగంలో మాత్రం మనదే పైచేయి. పైగా కెనడియన్ వారానికి రెండే రోజులు: టొరంటోలో ఆదివారం, బుధవారం, వాంకూవర్‌లో సోమవారం, శుక్రవారం.

ఇంత నెమ్మది ఎందుకని మా నాన్నే అడిగారు. ఆయన దక్షిణ మధ్య రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు గానీ ఆయన తనను తాను ఇప్పటికీ గార్డుననే చెప్పుకుంటారు. ఆయన్ను ఈ బండిలో తీసుకెళ్లినప్పుడు ఉత్తర ఒంటారియో అడవిలో మా బండి పక్క లైనులోకి మళ్లి ఆగింది. చుట్టూ నల్లటి స్ప్రూస్ చెట్లు, మధ్య మధ్య తెల్లటి బిర్చ్ మొదళ్లు, ఒక చెరువు. కాసేపటికి ఎదురుగా గూడ్సు వచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టిన కంటైనర్లు, వాటి వెనక ధాన్యం వ్యాగన్లు, నూనె ట్యాంకర్లు. నాన్న అద్దానికి ఆనుకుని వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, వంద దాటాక కూడా ఆపలేదు. చివరి వ్యాగన్ వెళ్లిపోయాక నా వైపు తిరిగారు. “బ్రేక్‌వ్యాన్ ఏదిరా? ఇంత పొడుగు బండికి వెనక మనిషే లేడా?”

లేడు. ఇక్కడి గూడ్సులకు గార్డు పెట్టె తీసేసి దశాబ్దాలైంది. చివరి వ్యాగన్ కప్లింగుకు తగిలించిన చిన్న పరికరం బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి ఎంతుందో ఇంజనుకు రేడియోలో చెబుతూ ఉంటుంది. ఆ సంగతి విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, “మా రోజుల్లో ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే మమ్మల్ని లూపులో పెట్టి గంటలు గంటలు కూర్చోబెట్టేవాళ్లు. ఇక్కడ గూడ్సుకు ప్యాసింజరు దారిస్తోంది.”

నెమ్మదికి అసలు కారణం అదే. వయా రైల్ ప్రభుత్వానిది. పట్టాలు దానివి కావు. అది బళ్లు నడిపే దారుల్లో నూటికి మూడు వంతులే దాని సొంతం. కెనడియన్ నడిచే దారి దాదాపు అంతా సీఎన్ కంపెనీది. ఒకప్పుడు ప్రభుత్వ సంస్థగా ఉన్న సీఎన్ 1995లో ప్రైవేటుపరమైంది, దాని సంపాదనంతా సరుకు మీదే. మెయిన్ లైను చాలాచోట్ల ఒంటి పట్టా. గూడ్సులు రెండు మూడు కిలోమీటర్ల పొడవు పెరిగాయి, దారిలోని లూపులు, అంటే పక్క లైన్లు, వాటికి చాలవు. చిన్నది కాబట్టి ప్యాసింజరు బండే పక్కకు తప్పుకోవాలి. ఆలస్యాలు గంటల్లో ఉంటాయి, ఒక్కోసారి సగం రోజు దాటుతాయి. కాబట్టి దిగిన రోజే విమానం ఎక్కేలా టికెట్లు కొనకండి. చేరే ఊళ్లో ఒక రాత్రి హోటలు పెట్టుకోండి. ఈ ఒక్కటీ పాటిస్తే ఆలస్యం మిమ్మల్ని బాధపెట్టదు. అడవిలో ఇంకో గంట కూర్చుంటారు, అంతే.

ఇప్పుడు బండి లోపలి సంగతి. కెనడియన్ పెట్టెలు 1954–55లో అమెరికాలోని బడ్ కంపెనీ చేసిన స్టెయిన్‌లెస్ స్టీలువి. 1955 ఏప్రిల్ 24న కెనడియన్ పసిఫిక్ వాళ్లు ఈ బండిని మొదలుపెట్టినప్పటి పెట్టెలే ఇప్పటికీ నడుస్తున్నాయి. వీటి బదులు కొత్తవి కొనడానికి 2024 బడ్జెట్లో నిధులు ప్రకటించారు. కొత్తవి పట్టాలెక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఈ పాత పెట్టెల్లో ప్రయాణించే అవకాశం ఎప్పటికీ ఉండదు, అందుకే ఆశ ఉన్నవాళ్లను వాయిదా వేయవద్దంటాను. పైకప్పు మీద గాజు గోపురంలా లేచిన డోమ్ గది వీటి ప్రాణం. విశాఖ–అరకు బండికి 2017లో తగిలించిన విస్టాడోమ్ పెట్టె చూసినవాళ్లకు ఆ సరదా తెలుసు. తేడా ఏమిటంటే ఇక్కడ మెట్లెక్కి బండి కప్పు కంటే ఎత్తున కూర్చుంటాం. ముందున్న పెట్టెల కప్పులు, వంపు తిరుగుతున్న ఇంజను, దాని ముందున్న పట్టాలు కూడా కనబడతాయి. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఒకరు పట్టుకుని ఎక్కించాలి.

తరగతులు మనవాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను. ఎకానమీ అంటే వెనక్కి వాలే కుర్చీ, మన చైర్‌కార్ కన్నా విశాలం. ఒక రాత్రికి కుర్రాళ్లు సర్దుకుంటారు. నాలుగు రాత్రులకు పెద్దవాళ్లను అందులో కూర్చోబెట్టవద్దు, స్నానానికి వీలుండదు. దాని పైది స్లీపర్ ప్లస్. అందులో అన్నిటికంటే చవక బెర్తు. పగలు ఎదురెదురు సోఫాలు, రాత్రికి సిబ్బంది వాటిని కలిపి పరుపు, తెల్ల దుప్పట్లు వేసి మందపాటి తెర దించుతారు. కింది బెర్తుకు సొంత కిటికీ ఉంటుంది, పై బెర్తుకు కిటికీ లేదు. కొంచెం ఎక్కువైనా కిందిదే కొనండి. పడుకునే చుక్కలు చూడొచ్చు. ఆ అడవుల్లో దీపాలు లేవు కాబట్టి చుక్కలు ఎన్ని కనబడతాయో మన నగరాల్లో ఊహించలేం. ఇద్దరికి సరిపడే గది మన పాత ఫస్టుక్లాసు కూపే లాంటిది. పగలు రెండు కుర్చీలు, రాత్రి రెండు బెర్తులు, లోపలే టాయిలెట్, వాష్ బేసిన్. పెద్దవాళ్లకు ఇదే మేలు. ఒక్కరి గదిలో మాత్రం ఒక చిక్కుంది. మంచం దించాక టాయిలెట్ దాని కిందికి పోతుంది. రాత్రి లేచే అలవాటున్నవాళ్లు నడవా చివరిదాకా వెళ్లాలి. స్నానాల గది స్లీపర్ పెట్టెలో అందరికీ కలిపి ఉంటుంది. దీని పైన ప్రెస్టీజ్ అనే తరగతి ఉంది, ధర చాలా ఎక్కువ. మన అవసరానికి అది అక్కర్లేదు.

స్లీపర్ టికెట్లో మూడు పూటలా భోజనం కలిసి వస్తుంది. భోజనాల పెట్టెలో నలుగురికొక బల్ల. ఇద్దరు వెళితే ఎదురుగా ఇంకో ఇద్దరిని కూర్చోబెడతారు. ఇది నాకు ఈ ప్రయాణాల్లో అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు. ఇక్కడికొచ్చిన మన పెద్దవాళ్ల కష్టం ఏమిటో మీకందరికీ తెలుసు. పిల్లలు ఆఫీసుకు పోతారు, మనవలు బడికి పోతారు, కారు నడపరు, వీధిలో పలకరించే మనిషి కనబడడు. ఊళ్లో పదిమందితో కబుర్లు చెప్పినవాళ్లు ఆర్నెల్లు కిటికీ దగ్గర గడుపుతారు. రైల్లో ఆ ఒంటరితనం ఉండదు. సస్కాచెవాన్‌లో గోధుమ పండించే ఒక పెద్దాయనా మా నాన్నా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎకరానికి దిగుబడి ఎంత, వాన ఎప్పుడు కావాలి, ధాన్యం ఎత్తే రైలు సమయానికి రాకపోతే ఏమవుతుందన్న విషయాలన్నీ వచ్చిన ఇంగ్లీషుతో, చేతులతో మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం బయట పొలాలు మొదలవగానే నాన్న కిటికీ వదల్లేదు.

శాకాహారులు టికెట్ కొనేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. కారం లేని తిండి రెండో రోజుకే నోటికి హితవుగా ఉండదు కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి, మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో ఆవకాయ వెంట ఉంచుకోండి. మొదటి రోజుకు పులిహోర చాలు. దారిలో స్టేషన్లలో ఇడ్లీ, టీ అమ్మేవాళ్లు ఎవరూ రారు. హార్న్‌పేన్, సూ లుకౌట్ లాంటి చోట్ల బండి ఆగినప్పుడు దిగి నాలుగు అడుగులు నడవొచ్చు, అంతే. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లకు ఇంకో మాట: బండి నాలుగు కాలమండలాలు దాటుతుంది, ఫోను దానంతటది టైము మార్చేసుకుంటుంది, లేదా సిగ్నల్ లేక గంటల తరబడి పాత టైమే చూపిస్తుంది. మామూలు చేతిగడియారం ఒకటి టొరంటో టైముకే ఉంచితే కిందటిసారి మందు వేసుకుని ఎంతసేపైందో తెలుస్తుంది; భోజనంతో వేసుకునే ఇన్సులిన్ మాత్రం బండిలో భోజనం వేళకే వేసుకోవాలి.

సరే, నాలుగు రాత్రులూ వెళ్లాలా? రైలంటే ప్రాణమైతే వెళ్లండి. ఒంటారియో అడవులూ చెరువులూ ఒకటిన్నర రోజు, మైదానాలు ఒక రోజు, ఆ తర్వాత గానీ కొండలు రావు. చిన్నపిల్లలున్న ఇంటికీ, వారమే సెలవున్న ఇంటికీ నా సలహా వేరు. విమానంలో వాంకూవర్ వెళ్లి, అక్కడ రైలెక్కి, జాస్పర్‌లో దిగండి. ఒక్క రాత్రి.

తూర్పువైపే ఎందుకంటారా? సోమవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వాంకూవర్‌లో బండి బయల్దేరుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుగుంటుంది కాబట్టి ఫ్రేజర్ నది లోయలోకి బండి మళ్లడం సాయంత్రపు ఎండలోనే చూస్తాం. నిద్ర లేచేసరికి కొండల మధ్య ఉంటాం. పొద్దున ఫలహారం వేళకు మౌంట్ రాబ్సన్ వస్తుంది. కెనడియన్ రాకీలన్నిటిలో ఎత్తైన శిఖరం, 3,954 మీటర్లు. చాలా రోజులు మబ్బులోనే ఉంటుంది. కనబడిందంటే డోమ్‌లో మాటలు ఆగిపోతాయి. పదకొండింటి ప్రాంతంలో జాస్పర్. అదే పడమటివైపు వస్తే కామ్‌లూప్స్ దగ్గరే రాత్రవుతుంది, ఫ్రేజర్ లోయ చాలావరకు చీకట్లో పోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. వాంకూవర్ బండి పుట్టే చోటు. ఆలస్యాలన్నీ దారిలో పోగవుతాయి. జాస్పర్ స్టేషన్‌లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి టొరంటో నుంచి రావాల్సిన బండి కోసం గంటలు ఎదురుచూడటం కంటే, మొదటి స్టేషన్లో ఎక్కి మధ్యలో దిగడం ఎంతో సుఖం.

జాస్పర్‌లో దిగి మళ్లీ రైలే ఎక్కుదామంటే వారం లెక్క వేసుకోవాలి. టొరంటో నుంచి వచ్చేవాళ్లు బుధవారం దిగితే తర్వాతి బండి శనివారం. శనివారం దిగితే బుధవారం. మూడో నాలుగో రాత్రులు అక్కడ ఉండాల్సిందే. 2024 జూలైలో కార్చిచ్చుకు ఆ ఊళ్లో దాదాపు మూడో వంతు ఇళ్లూ భవనాలూ కాలిపోయాయి. బసలు తగ్గాయి, కాబట్టి రైలు టికెట్ కంటే ముందు గది చూసుకోండి. నేనైతే అక్కడి నుంచి కారులో ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీదుగా బాన్ఫ్ వెళతాను. సుమారు 230 కిలోమీటర్ల ఆ రోడ్డు పక్కనే హిమానీనదాలుంటాయి. బాన్ఫ్ నుంచి కాల్గరీ, కాల్గరీ నుంచి విమానంలో ఇల్లు.

బాన్ఫ్‌కు రైల్లోనే వెళ్లాలని చాలామంది రాస్తున్నారు. వయా రైల్ బాన్ఫ్‌కు పోదు, కాల్గరీకీ పోదు. 1990 జనవరి దాకా కెనడియన్ కాల్గరీ, బాన్ఫ్‌ల మీదుగా పోయే దక్షిణపు దారిలోనే నడిచేది. ఆ ఏడు ప్రభుత్వం బళ్లు బాగా కోసేసి, దాన్ని ఎడ్మంటన్, జాస్పర్‌ల మీదుగా తిప్పేసింది. ఇప్పుడు బాన్ఫ్‌కు ఉన్నది రాకీ మౌంటెనీర్ అనే ప్రైవేటు బండి ఒక్కటే. వాంకూవర్ నుంచి రెండు రోజులు, పగలే నడుస్తుంది, రాత్రి కామ్‌లూప్స్‌లో హోటల్లో పడుకోబెడుతుంది. నేను మొదట చెప్పిన ప్రశ్నకు పూర్తి జవాబు ఆ బండే, ఒక్క మలుపు కూడా చీకట్లో పోదు. కికింగ్ హార్స్ కనుమ దగ్గర 1909లో కట్టిన స్పైరల్ సొరంగాల్లో బండి కొండ లోపలే చుట్టు తిరిగి ఎత్తు మారడం కూడా ఈ దారిలోనే. కానీ ధర వింటే నలుగురున్న కుటుంబం వెనక్కి తగ్గుతుంది. పెళ్లిరోజుకో షష్టిపూర్తికో తల్లిదండ్రులిద్దరికీ బహుమానంగా ఇవ్వాలనుకుంటే మంచి ఆలోచనే.

ఆ దారిలో క్రెయిగెలాకీ అనే చోటు దగ్గర తప్పకుండా చెబుతారు, 1885 నవంబరు 7న దేశమంతటినీ కలిపిన కెనడియన్ పసిఫిక్ లైనుకు చివరి మేకు కొట్టింది ఇక్కడేనని. అప్పుడు తీసిన ఫొటో ఈ దేశపు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆ ఫొటోలో చైనా కూలీ ఒక్కడూ కనబడడు. బ్రిటిష్ కొలంబియా కొండల్లో లైను వేయడానికి 15,000 మంది దాకా చైనా కూలీలొచ్చారు. బండలు పేల్చే చోట ప్రమాదకరమైన పనులు వాళ్లకే ఇచ్చారు. వందల మంది అక్కడే చనిపోయారు. లైను పూర్తయిన ఏడే వాళ్లమీద 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903కల్లా అది 500 అయింది. 2006 జూన్ 22న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ మాట చెవులారా వినడానికి తలపన్ను కట్టిన వృద్ధులూ వాళ్ల కుటుంబాలూ వాంకూవర్ నుంచి రైల్లోనే తూర్పుకు బయల్దేరారు. తమవాళ్లు వేసిన పట్టాల దేశంలో రైలెక్కి వెళ్లారు. మనం కూడా వలస వచ్చినవాళ్లమే. ఆ కొండల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు పిల్లలకు ఈ కథ చెప్పండి.

తూర్పున ఉండేవాళ్లకు, మొదటిసారి రాత్రి రైలు ఎక్కి చూద్దామనుకునేవాళ్లకు ‘ఓషన్’ సరిపోతుంది. మాంట్రియల్ నుంచి హాలిఫాక్స్‌కు 1,346 కిలోమీటర్లు, వారానికి మూడు రోజులు. 1904 నుంచి అదే పేరుతో నడుస్తోంది. సాయంత్రం ఎక్కితే సెయింట్ లారెన్స్ నది రాత్రిలో పోతుంది, తెల్లవారేసరికి మటపీడియా లోయ, ఆ తర్వాత షలూర్ అఖాతం నీళ్లు, మళ్లీ సాయంత్రానికి హాలిఫాక్స్. స్టేషన్‌కు నడక దూరంలోనే పియర్ 21 మ్యూజియం. 1928 నుంచి 1971 దాకా దాదాపు పది లక్షల మంది ఓడల్లో వచ్చి ఆ రేవులోనే దిగి, అక్కడే రైలెక్కి పడమటికి పోయారు.

చర్చిల్ ఊరి గురించి అడిగినవాళ్లకు క్లుప్తంగా: వినిపెగ్ నుంచి రెండు రాత్రులు, సుమారు 1,700 కిలోమీటర్లు. ఆ ఊరికి రోడ్డు లేదు. ధ్రువపు ఎలుగుబంట్లకు అక్టోబరు ఆఖరు, నవంబరు. తెల్ల బెలూగా తిమింగలాలకు జూలై, ఆగస్టు. 2017 వరదల్లో ఆ లైను కొట్టుకుపోయి ఏడాదిన్నర రైలే లేదు. జాస్పర్–ప్రిన్స్ రూపర్ట్ బండి కూడా మంచిదే. రెండు పగళ్లు నడిచి రాత్రికి ప్రిన్స్ జార్జ్‌లో ఆగుతుంది, హోటలు మనమే చూసుకోవాలి. రాకీ మౌంటెనీర్ ధర భరించలేనివాళ్లు దీన్ని చూడండి.

స్లీపర్ గదులు వేసవికి ముందుగానే అయిపోతాయి. ఇక్కడ ఆర్ఏసీ లేదు, తత్కాల్ లేదు. గది ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందుకని పెద్దవాళ్ల వీసా చేతికి రాగానే తేదీలు చూసుకోండి. జూన్ మూడో వారం దొరికితే అన్నిటికంటే మంచిది, పగలు అప్పుడే ఎక్కువ. అది దొరక్కపోతే సెప్టెంబరు ఆఖరు చూడండి, జాస్పర్ చుట్టుపక్కల ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపుపచ్చగా పండి ఉంటాయి, రద్దీ కూడా తగ్గుతుంది. టికెట్ కొన్నాక ఏ వైపు నుంచి ఎక్కుతున్నారో, ఎంతమందో రాయండి. గది ఎంపికలో గానీ, జాస్పర్‌లో బస విషయంలో గానీ సందేహం ఉంటే చెబుతాను.

ఉంటాను,
టొరంటో నుంచి మీ మిత్రుడు